పాత తేదీ నాటి మారకం రేటు కనుక్కోవడం ఎలా?

"1985లో పౌండ్‌కి ఎన్ని డాలర్లు వచ్చేవి?" అని ఎవరైనా అడిగితే వెంటనే ఒక అంకె చెప్పకండి. ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో పౌండ్ 1.05 డాలర్ల దాకా పడిపోయింది. డిసెంబరు వచ్చేసరికి 1.40 దాటింది. రెండూ 1985 రేట్లే. అందుకే వెతకడం మొదలుపెట్టే ముందు ఏ తేదీ, ఏ రకం రేటు అన్నది తేల్చుకోవాలి.

ముందు అవసరం తేల్చుకోండి

పన్ను లెక్కల కోసమైతే ఏ రేటు వాడాలో పన్ను శాఖ నిబంధనల్లోనే ఉంటుంది, దాన్నే పట్టుకోండి. ఒప్పందం విషయమైతే అందులో రేటు గురించి ఏం రాసుకున్నారో చూడండి. చదువు కోసమో, వ్యాసం కోసమో అయితే నెల సగటు చాలు. అదే మీ కార్డు మీద ఎప్పుడో చేసిన ఖర్చు లెక్క కావాలంటే ఏ పట్టికలోనూ దొరకదు. పట్టికల్లో ఉండేది ఎక్కువగా కొనుగోలు, అమ్మకం రేట్లకు మధ్య రేటు. బ్యాంకు దానికి తన మార్జిన్ కలిపి వసూలు చేస్తుంది. ఆ అంకె మీ పాత స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది.

ఎక్కడ చూడాలి?

నా ఓటు ఎప్పుడూ సెంట్రల్ బ్యాంకుల పట్టికలకే. యూరోతో ఇతర కరెన్సీల రేట్లను యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 1999 జనవరి నుంచి ప్రతి పనిరోజూ ఇస్తోంది. డాలర్ రోజువారీ రేట్లు అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) దగ్గర 1971 నుంచి ఉన్నాయి. ఫెడ్‌కి చెందిన సెయింట్ లూయిస్ బ్యాంకు నడిపే 'ఫ్రెడ్' డేటాబేస్ నుంచి వాటిని ఉచితంగా స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకోవచ్చు. అయితే ఫెడ్‌ది న్యూయార్క్ మధ్యాహ్నపు రేటు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుది యూరప్ మధ్యాహ్నం సుమారు 2:15కి తీసుకున్నది. ఒకే రోజుకి రెండు చోట్లా అంకె కాస్త తేడాగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రెండూ సరైనవే. ఒక లెక్కలో మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే చోటి రేట్లు వాడండి.

ఏది కింద, ఏది పైన?

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఫెడ్ పట్టికలో పౌండ్, యూరో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డాలర్ల వరసల్లో 'ఒక్కోదానికి ఎన్ని అమెరికా డాలర్లు' అని ఉంటుంది. యెన్ లాంటి వాటికి తిరగేసి, 'ఒక డాలర్‌కి ఎన్ని యెన్‌లు' అని ఉంటుంది. పట్టిక ఒకటే, దిశలు రెండు. అంకెను కాపీ చేసేటప్పుడు పక్కనే '1 పౌండ్ = ఇన్ని డాలర్లు' అని పూర్తిగా రాసుకోండి.

సగటు తీసేటప్పుడూ దిశ తిప్పకండి. రేటు ఒక రోజు 2, మరో రోజు 4 అనుకుందాం. సగటు 3. దాన్ని తిరగేస్తే 0.333. కానీ ముందే తిరగేసి 0.5, 0.25ల సగటు తీస్తే 0.375 వస్తుంది.

ఆ రోజు సెలవైతే?

శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు కాబట్టి అంతకు ముందటి పనిరోజు రేటు తీసుకోవడం మామూలు పద్ధతి. కొన్ని వెబ్‌సైట్లు శుక్రవారం అంకెనే ఆదివారం పక్కన కూడా వేసేస్తాయి.

పాత కాలానికి వెళ్లేకొద్దీ ఈ పద్ధతి నమ్మదగ్గది కాదు. రేటును ప్రభుత్వాలే ఖాయం చేసే స్థిర రేట్ల రోజుల్లో అవి కరెన్సీ విలువ తగ్గించాలంటే మార్కెట్ మూసి ఉన్న సమయం చూసుకునేవి. బ్రిటన్ పౌండ్‌ను 4.03 నుంచి 2.80 డాలర్లకు దించింది 1949 సెప్టెంబరు 18న, ఆదివారం. మళ్లీ 2.80 నుంచి 2.40కి దించుతున్నట్టు ప్రకటించింది 1967 నవంబరు 18న, శనివారం. డాలర్‌కి బంగారం ఇచ్చేది లేదని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ప్రకటించిన 1971 ఆగస్టు 15 కూడా ఆదివారమే. మీ తేదీ ఇలాంటి వారాంతంలో పడితే శుక్రవారం రేటు, సోమవారం రేటు రెండూ చూసి, ఏది ఎందుకు వాడారో రాసి పెట్టండి.

నేరుగా రేటు దొరక్కపోతే

రెండు కరెన్సీలకూ డాలర్‌తో ఉన్న రేటు తీసుకోండి. 1960లో పౌండ్ 2.80 డాలర్లు, డాలర్ 360 యెన్‌లు. గుణిస్తే పౌండ్ 1,008 యెన్‌లు. యూరోలో కలిసిపోయిన కరెన్సీలకైతే శాశ్వతంగా ఖాయం చేసిన రేట్లు ఉన్నాయి: ఒక యూరో 1.95583 జర్మన్ మార్కులు, 6.55957 ఫ్రెంచ్ ఫ్రాంకులు. ఆరు అంకెలనూ వాడాలి, మధ్యలో రౌండ్ చేయకూడదు. ఇవి 1999కి ముందు తేదీలకు పనికిరావు.

పేరు అదే, డబ్బు వేరు

ఫ్రాన్స్ 1960 జనవరి 1న వంద పాత ఫ్రాంకులను ఒక కొత్త ఫ్రాంకు చేసింది. టర్కీ 2005 జనవరి 1న పది లక్షల పాత లీరాలను ఒక్క కొత్త లీరాగా మార్చింది. 1950లో డాలర్‌కి 350 ఫ్రాంకులు. కొన్ని పట్టికలు దాన్నే కొత్త ఫ్రాంకుల్లోకి మార్చి 3.5 అని చూపిస్తాయి. గ్రాఫ్‌లో ఒక్కసారిగా సున్నాలు పోయినట్టు కనిపిస్తే అది మార్కెట్ పతనమో, కరెన్సీ మార్పో చూసుకోండి.

అధికారిక రేటుతో నిజంగా డబ్బు మారిందా అన్నది మరో చిక్కు. చైనా 1993 వరకు రెండు రేట్లు నడిపింది: ఒకటి అధికారిక రేటు, రెండోది మార్కెట్‌ను బట్టి నడిచే రేటు. 1994 జనవరి 1న రెంటినీ కలిపేసరికి అధికారికంగా డాలర్‌కి 5.8 యువాన్‌లు ఉన్నది 8.7 అయింది. అంతకు ముందే చాలా లావాదేవీలు ఆ రెండో రేటు దగ్గర్లో జరుగుతున్నాయి. అధికారిక అంకెలే చూస్తే రాత్రికి రాత్రి యువాన్ కుప్పకూలిందనుకుంటాం.

శాతం లెక్క

1967లో పౌండ్ 2.80 నుంచి 2.40కి వచ్చింది కదా, అంటే పౌండ్ 14.3 శాతం పడింది. మరి డాలర్ ఎంత పెరిగింది? 14.3 కాదు, 16.7 శాతం. అంతకు ముందు 100 పౌండ్లకు దొరికే డాలర్లకు ఇప్పుడు 116.67 పౌండ్లు పెట్టాలి. 'ఎంత మారింది' అని రాసేటప్పుడు ఏ కరెన్సీ వైపు నుంచి చెబుతున్నారో అదే వాక్యంలో రాయండి.