బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది ప్రాజెక్టు: బోరునీటి ఫ్లోరైడ్ ఉదాహరణగా ప్రశ్న నుంచి వైవా వరకు

డిగ్రీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు అనగానే విద్యార్థులు ముందుగా ఒక పెద్ద శీర్షిక వెతుక్కుంటారు. "నల్లగొండ జిల్లా భూగర్భజలాల నాణ్యతా విశ్లేషణ" అని పేరు పెట్టుకుంటే రిపోర్టు అట్ట మీద బాగానే కనిపిస్తుంది గాని, ఏ రోజు ల్యాబుకు వెళ్లి ఏం చేయాలో ఆ పేరు చెప్పదు. శీర్షికను పక్కన పెట్టి, అవునని గాని కాదని గాని జవాబు రాగల ఒక చిన్న ప్రశ్నను ముందుగా రాసుకోవాలి. "మా మండలంలోని బోర్లలో కాల్షియం తక్కువగా ఉన్న చోట ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటోందా?" అన్నది అలాంటి ప్రశ్న. ఏమేమి కొలవాలో, ఎన్ని నమూనాలు తేవాలో, చివరికి ఏ గ్రాఫ్ గీయాలో అందులోనే ఉంది. ఈ వ్యాసంలో దీన్నే ఉదాహరణగా తీసుకుని పని మొత్తం వివరిస్తాను. మీ అంశం వేరైనా పని నడిచే క్రమం దాదాపు ఇదే.

ఈ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువైన నీటి వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్నట్టు 1937లోనే వైద్య పత్రికల్లో నమోదైంది. ఆలం (పటిక), సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1.0 మి.గ్రా. ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. అంటే మీకు వచ్చే ప్రతి అంకెకూ పోల్చుకోవడానికి ఒక ప్రమాణం, చెప్పుకోవడానికి ఒక అర్థం ఉంటాయి.

ప్రశ్న కుదిరాక, గైడ్ దగ్గరకు వెళ్లే ముందే, మీ కాలేజీ ల్యాబులో ఏమున్నాయో ఒకసారి చూసుకోవాలి. ఈ పనికి 570 నానోమీటర్ల దగ్గర పనిచేసే స్పెక్ట్రోఫోటోమీటర్ లేదా దానికి దగ్గరి ఫిల్టర్ ఉన్న కలరీమీటర్, నాలుగు దశాంశాల తూకం, బ్యూరెట్, పిపెట్లు, ఫ్లోరైడ్‌ను రంగు మార్పుతో కొలిచే స్పాండ్స్ రియేజెంట్ (జిర్కోనియం కలిసిన రంగు ద్రావణం), కాల్షియాన్ని టైట్రేట్ చేసే ఈడీటీఏ ఉంటే చాలు. బయటి సంస్థలో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో ఖనిజాలను గుర్తించే పరీక్ష) చేయిస్తామనో ఐసీపీ (మూలకాలను కొలిచే పరీక్ష) చేయిస్తామనో రాసుకుని, ఆ ఫలితాలు రాక సెమిస్టర్ చివర్లో చేతులెత్తేసే బృందాలు ప్రతి కాలేజీలోనూ కనిపిస్తాయి. ఇతరుల పరికరం మీద ఆధారపడే కొలత ప్రాజెక్టుకు అదనంగా ఉండవచ్చు గాని, దాని మీదే ప్రాజెక్టు నిలబడకూడదు. కాలం విషయంలోనూ అంతే. వేసవి నీటిని, వానల తరువాతి నీటిని పోల్చడం మంచి ఆలోచనే అయినా ఒక్క సెమిస్టర్‌లో అది జరిగే పని కాదు.

నమూనాలు తేవడానికి ముందు మీ ప్రశ్న వెనుక ఉన్న రసాయన శాస్త్రాన్ని ఒక పేజీలో లెక్క కట్టి చూడండి. కాల్షియం, ఫ్లోరైడ్ నీటిలో ఒక హద్దు దాటితే కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతాయి. ఆ హద్దును చెప్పే దాని ద్రావణీయతా లబ్ధం సుమారు 4×10⁻¹¹. నీటిలో కాల్షియం లీటరుకు 40 మి.గ్రా. ఉంటే అది 10⁻³ మోలార్. అప్పుడు ఫ్లోరైడ్ గాఢత 2×10⁻⁴ మోలార్ వరకు, అంటే లీటరుకు దాదాపు 3.8 మి.గ్రా. వరకు పెరగగలదు. కాల్షియం 10 మి.గ్రా.కు తగ్గితే ఆ పరిమితి 7.6 మి.గ్రా.కు చేరుతుంది. క్రియాశీలతా గుణకాలను (నీటిలోని ఇతర అయాన్ల ప్రభావానికి చేసే సవరణలను) ఇక్కడ వదిలేశాం కనుక అసలు పరిమితి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఈ లెక్క పైపరిమితిని మాత్రమే చెబుతుందని, రాతిలో ఫ్లోరైడ్ ఖనిజాలు లేని చోట కాల్షియం తక్కువగా ఉన్నా ఫ్లోరైడ్ ఉండదని గుర్తుంచుకోవాలి. సాహిత్య సమీక్ష పేరిట నలభై సారాంశాలను వరుసగా పేర్చడం కన్నా, ఇలాంటి లెక్క ఒకటి చేసి, దానికి సంబంధించిన నాలుగైదు పరిశోధన పత్రాలను పూర్తిగా చదవడం ఎంతో మేలు.

నమూనాలను గాజు సీసాల్లో కాకుండా పాలిథీన్ సీసాల్లో పట్టాలి, ఎందుకంటే ఫ్లోరైడ్ గాజుతో చర్య జరపగలదు. పైపులో నిలిచిన నీరు పోయేలా మోటారును కొన్ని నిమిషాలు నడవనిచ్చి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి, అప్పుడు నింపాలి. పీహెచ్‌ను అక్కడికక్కడే కొలవాలి. బోరు లోతు ఎంతో, ఆ నీటిని తాగుతున్నారో పొలానికే వాడుతున్నారో యజమానిని అడిగి, సీసా మీది నంబరుతో పాటు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పదిహేను, ఇరవై బోర్లకు తగ్గితే గ్రాఫ్ మీద ఏ ధోరణి కనిపించినా దాన్ని నమ్మడం కష్టం.

అసలు జాగ్రత్త అంతా ఫ్లోరైడ్ కొలతలో ఉంది. తేమ లేని సోడియం ఫ్లోరైడ్‌ను 0.221 గ్రాములు తూచి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి ఒక లీటరుకు తెస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న స్టాక్ ద్రావణం వస్తుంది. దీన్ని పదింతలు పలుచన చేసి, ఆ ద్రావణం నుంచి 1 నుంచి 7 మి.లీ. వరకు తీసుకుని ఒక్కొక్కదాన్ని 50 మి.లీ.కు తెస్తే లీటరుకు 0.2 నుంచి 1.4 మి.గ్రా. వరకు ఫ్లోరైడ్ ఉన్న ప్రమాణ ద్రావణాలు సిద్ధమవుతాయి. ఫ్లోరైడ్ లేని 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ బ్లాంక్ అవుతుంది. జిర్కోనియంతో కలిసి స్పాండ్స్ ఇచ్చే ఎర్రని రంగును ఫ్లోరైడ్ విడగొడుతుంది కనుక ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ కాంతి శోషణ తగ్గుతుంది. మిగతా ప్రాక్టికల్స్‌లో పైకి వెళ్లే గీతకు అలవాటు పడిన విద్యార్థి ఇక్కడ కిందికి దిగే గీతను చూసి తప్పు జరిగిందనుకుని ద్రావణాలు పారబోయకూడదు. రంగు అంతా రియేజెంట్‌దే కాబట్టి, ప్రతి ఫ్లాస్క్‌లోనూ పోసే 10 మి.లీ. రియేజెంట్‌ను కొలజాడీతో గాక పిపెట్‌తోనే ఖచ్చితంగా కొలవాలి. అందులో వచ్చే చిన్న తేడా కూడా ఫ్లోరైడ్ తేడాగా కనిపిస్తుంది. ప్రమాణ ద్రావణాలు, నమూనాలు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. కాలిబ్రేషన్ గీత 1.4 మి.గ్రా. దాటితే వంగుతుంది కనుక అంతకు మించిన నమూనాను, ఉదాహరణకు 10 మి.లీ. తీసుకుని 50 మి.లీ.కు పలుచన చేసి, వచ్చిన విలువను 5తో హెచ్చవేయాలి.

పోలిక కోసం మిషన్ భగీరథ కుళాయి నీటిని కూడా తెచ్చుకుంటే మంచిదే గాని, అందులోని క్లోరిన్ స్పాండ్స్ రంగును పోగొట్టి లేని ఫ్లోరైడ్‌ను ఉన్నట్టు చూపుతుంది. ఆ క్లోరిన్‌ను తొలగించడానికి వాడే సోడియం ఆర్సెనైట్ విషం కనుక ఆ పనిని లెక్చరర్ సమక్షంలోనే చేయాలి, మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకుండా వేరే సీసాలో భద్రపరచాలి. దీనికి విరుద్ధంగా, ఆలంతో శుద్ధి చేసిన నీటిలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి రీడింగును తగ్గిస్తుంది. ఇలాంటి అడ్డంకులను పసిగట్టడానికి నమూనాకు తెలిసిన పరిమాణంలో ఫ్లోరైడ్ కలిపి మళ్లీ కొలవడమే సరైన మార్గం. పలుచన చేసిన నమూనా లీటరుకు 0.62 మి.గ్రా. చూపిందనుకోండి. దానికి 0.50 కలిపాక 1.08 వస్తే, మనం కలిపిన దానిలో 0.46 తిరిగి దొరికింది, అంటే 92 శాతం. అది 60 శాతమే అయితే ఆ నమూనాలో ఏదో అడ్డుపడుతోంది. డిగ్రీ ప్రాజెక్టుల్లో ఈ పరీక్ష చాలా అరుదుగా కనిపిస్తుంది. అయినా, మీ అంకెలను నమ్మవచ్చునని చెప్పగల సాక్ష్యం ఇదే.

కాల్షియానికి 50 మి.లీ. నమూనాను సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 12కు తెస్తే మెగ్నీషియం దాని హైడ్రాక్సైడ్ అవక్షేపంగా విడిపోతుంది. మ్యురెక్సైడ్ సూచికతో 0.01 మోలార్ ఈడీటీఏకు టైట్రేట్ చేయాలి. గులాబీ నుంచి ఊదాకు మారే ఆ రంగును పట్టుకోవడం మొదట్లో కష్టం కనుక, ఈడీటీఏ కొంచెం ఎక్కువే పోసిన ఒక ఫ్లాస్క్‌ను పక్కన పెట్టుకుని దానితో పోల్చుకోవాలి. ప్రతి నమూనాకూ మూడు రీడింగులు తీసుకోవాలి. వాటిలో ఒకటి దూరంగా ఉంటే కొట్టేసి దాచకుండా, అలాగే ఉంచి కారణం రాయాలి.

నోట్‌బుక్‌లో పెన్నుతో, తేదీ వేసి, జరిగింది జరిగినప్పుడే రాయాలి. చిత్తు కాగితం మీద రాసి సాయంత్రం ఎక్కించుకుందామనుకుంటే పలుచన ఎన్నింతలు చేశారో మరిచిపోతారు, ఆ ఒక్క అంకె పోతే ఆ నమూనా మొత్తం వృథా అవుతుంది.

రిపోర్టును చివరి వారానికి వదలకండి. పద్ధతి అధ్యాయాన్ని మొదటి ప్రమాణ ద్రావణం తయారైన రోజునే రాయవచ్చు. ఫలితాల్లో కాల్షియం ఒక అక్షం మీద, ఫ్లోరైడ్ మరో అక్షం మీద పెట్టి బోర్లన్నిటినీ చుక్కలుగా గుర్తించి, పైన వేసిన ద్రావణీయతా లెక్కను అదే గ్రాఫ్ మీద వక్రరేఖగా గీస్తే, చుక్కలు ఆ రేఖ కింద ఎలా పరుచుకున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. మీరు అనుకున్న ధోరణి కనబడకపోతే కనబడలేదనే రాయండి. దానికి మార్కులు తగ్గవు, అంకెలు సర్దితే మాత్రం వైవాలో రెండు ప్రశ్నలకే దొరికిపోతారు. ఇతరుల వాక్యాలను ఎత్తి రాయడం పోలిక సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ బయటపడుతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటిన నీటిని తాగుతున్న ఇళ్లకు, గైడ్‌తో మాట్లాడి, ఫలితాన్ని తప్పకుండా తెలియజేయాలి. నీళ్లు పట్టుకోనిచ్చిన వారికి అది మన బాధ్యత.

వైవాకు రిపోర్టుతో పాటు అసలు నోట్‌బుక్‌ను కూడా తీసుకెళ్లండి. గీత కిందికి ఎందుకు దిగింది, 570 దగ్గరే ఎందుకు కొలిచారు, బ్లాంక్‌లో ఏముంది, ఒక నమూనా పలుచనను ఇప్పుడే లెక్కకట్టి చూపించు అనే ప్రశ్నలు దాదాపు ఖాయం. అవి అయిపోయాక బోర్ల జాబితాను, రీడింగుల ఫైలును డిపార్ట్‌మెంట్‌కు అప్పగిస్తే, తరువాతి బ్యాచ్ వానాకాలం వెళ్లాక అవే బోర్ల దగ్గరికి వెళ్లి, మీకు ఒక సెమిస్టర్‌లో వీలుకాని పోలికను చేయగలుగుతుంది.