పన్నెండేళ్ల కారును కొనడం, దారికి తేవడం ఎలా?

విజయనగరంలో 2012 మోడల్ వ్యాగన్ఆర్ ఒకటి అమ్మకానికి ఉందంటే చూడడానికి వెళ్లాను. అమ్మే పెద్దాయన ఉత్సాహంగా బోనెట్ ఎత్తారు. నేను పాత చాప ఒకటి అడిగి తీసుకుని, నేల మీద పరచుకుని, ఫోను లైటుతో కారు కిందికి దూరాను. "ఇంజను చూడకుండా అక్కడేం చూస్తారు బాబూ?" అన్నారాయన.

చూడవలసింది అక్కడే ఉంది మరి. ఇంజను మొరాయిస్తే విప్పి బిగించగల చేతులకు మన ప్రాంతంలో కొదవ లేదు. లారీల ఊరిగా పేరుపడ్డ సాలూరు మన పక్కనే ఉంది. తుప్పు తినేసిన అడుగు రేకునూ, తిరకాసు పడిన కాగితాలనూ సరిచేసేవారు మాత్రం దొరకరు. పాత కారు కొనేటప్పుడు ఈ రెండింటి దగ్గర మొహమాటపడకండి. మిగతా లోపాలను కొన్నాక ఒక్కొక్కటిగా తేల్చుకోవచ్చు.

1. ముందు డబ్బును విడదీయండి

చేతిలో రెండు లక్షలుంటే కారుకు లక్షా అరవై వేలు దాటనివ్వకండి. మిగిలిన నలభై వేలు టైర్లకు, బ్యాటరీకి, బీమాకు, పేరు మార్పిడికి, మొదటి నెలలో బయటపడే చిల్లర రోగాలకు. ఉన్నదంతా కారుకే పోసి, ఆ తరువాత అరిగిన బ్రేకులతో తిరిగేవారిని చాలామందిని చూశాను.

2. కాగితాలు

నంబరు ప్లేటు చూస్తేనే సగం కథ తెలుస్తుంది. పాత వరుసలో ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం, ఏపీ 31 విశాఖ. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది. ఏపీ 09 నుంచి 13 వరకు ఉన్న నంబర్లతో జాగ్రత్త. పేరుకు ఏపీ అని ఉన్నా అవి హైదరాబాద్ బళ్లు, రాష్ట్ర విభజన తరువాత వాటి రికార్డులు తెలంగాణవి. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లినవారు ఊరికి తెచ్చి వదిలేసిన కార్లు ఇచ్ఛాపురం దాకా కనిపిస్తాయి. అటు ఒడిశా నుంచి వచ్చేవీ తక్కువేమీ కాదు. ఇలాంటి కారుకు పాత కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి, ఇక్కడ జీవిత పన్ను సంగతి తేలాలి. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది. ధర చవకగా కనిపించినా ఈ ఖర్చులు కలుపుకుని చూడండి.

సి-బుక్కు మీద చూడవలసిన తేదీ ఒకటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. 2012లో నమోదైన కారుకు 2027లో గడువు ముగుస్తుంది. అప్పుడు బండిని తనిఖీకి చూపించి అయిదేళ్లకు పొడిగించుకోవాలి, పాత బళ్ల మీద వేసే హరిత పన్ను కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకు ఈ పొడిగింపు రుసుమును 600 రూపాయల నుంచి 5,000 చేశారు. గడువు దగ్గరపడిన కారైతే ఈ భారమంతా ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమే.

ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని ఎన్నోవాడు, బీమా ఎప్పటివరకు ఉంది, ఫైనాన్స్ మిగిలి ఉందా అన్నవి తెలుస్తాయి. ఫైనాన్స్ ఉన్నట్టు కనిపిస్తే, అప్పు ఎప్పుడో తీరిపోయిందని అమ్మే ఆయన ఎంత చెప్పినా సరే, బ్యాంకు పత్రం, అప్పు తీరిందని రవాణా శాఖకు తెలిపే ఫారం 35 చేతికి రానిదే బయానా ఇవ్వకండి. పాత చలానాలు కూడా చూసుకోండి.

పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి బీరువాలో దాచుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. బ్రోకర్లు దీనికి ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అని పేరు కూడా పెట్టారు. దయచేసి ఆ పని చేయకండి. రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కారు చేతులు మారినా రికార్డులో పేరు ఎవరిదైతే ప్రమాద పరిహారానికి బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఈ మాట అమ్మేవారికి చెప్పి చూడండి, మీకన్నా ముందు ఆయనే కార్యాలయానికి బయలుదేరతారు. బీమాను కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు బీమాలో వచ్చే తగ్గింపు మాత్రం ఆయనతోనే పోతుంది.

3. కారు కింద, తివాచీ కింద

కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి వంటి తీరపు ఊళ్లలో తిరిగిన కారుకు ఉప్పుగాలి పట్టి ఉంటుంది. పైన రంగు మెరుస్తుంటే మోసపోతాం. తలుపుల అంచుల కింద వేలు పెట్టి రాయండి. కాలి కింద తివాచీ ఎత్తండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంత చూడండి. జాకీ ఆనించే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. పైపైన గోధుమ రంగు పట్టి, గీస్తే కింద గట్టి రేకు తగిలితే భయం లేదు. పొరలు పొరలుగా ఊడి, తట్టినప్పుడు బోలుగా మోగితే లేచి చేతులు దులుపుకుని వచ్చేయండి. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి చక్రాల పై వంపుల మీద జరిపితే, పుట్టీ పెట్టిన చోట అది పట్టు తప్పుతుంది.

వరదలో మునిగిన కారు మరో రకం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఆ వెంటనే వంశధార వరద, ఇవన్నీ చూసిన ప్రాంతం మనది. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద మరక గీతలా ఉంటే నీరు ఎంతవరకు వచ్చిందో అదే చెబుతుంది. సీట్ల కింది పట్టాల్లో ఎండిన మట్టి, డ్యాష్‌బోర్డు అడుగున తుప్పు పట్టిన స్క్రూలు, హెడ్‌లైట్ల లోపల మసక, అద్దాలన్నీ మూసి కూర్చుంటే వచ్చే ముక్కిపోయిన వాసన కూడా చూసుకోండి. మునిగిన కారులో వైరింగ్ రోగాలు ఏళ్ల తరబడి ఒకటి పోతే ఒకటి పుడుతుంటాయి. దానిని ఏ ధరకూ కొనవద్దు.

4. చల్లని ఇంజను, వేడి రోడ్డు

తెల్లవారుజామునే వెళ్లండి. మీరు వచ్చేసరికే ఇంజను వేడిగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. మరో రోజు వస్తానని చెప్పండి. చల్లని ఇంజను ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలి. సైలెన్సర్ నుంచి నీలి పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ మండుతోంది. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి కనిపిస్తే ఫరవాలేదు, వేడెక్కాక కూడా తెల్లగానే దట్టంగా వస్తుంటే ఇంజను పై భాగాన్నీ కింది భాగాన్నీ అతికే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిలు పోసే మూత తిప్పి చూసినప్పుడు కింద మీగడలాంటి జిగురు ఉంటే అదే అనుమానం బలపడుతుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. పచ్చగానో గులాబీగానో కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం కనిపించాలి. ఇటుక రంగు నీరు కనిపిస్తే, ఆ కారు బోరు నీటితో బతికిందన్నమాట. ఇక్కడ ఒక దురలవాటు గురించి చెప్పాలి. ఇంజను ఒకసారి వేడెక్కితే చాలు, కొందరు మెకానిక్‌లు వేడిని బట్టి కూలెంట్‌ను ఆపి వదిలే థర్మోస్టాట్ వాల్వు తీసి పారేస్తారు. ఎండల దేశంలో అదెందుకని వారి వాదన. అది లేకపోతే ఇంజను తనకు కావలసిన వేడికి చేరదు, మైలేజీ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. పది కిలోమీటర్లు నడిపినా వేడిని చూపే ముల్లు పైకి లేవకపోతే వాల్వు ఉందా అని అడగండి.

తరువాత బండి నడపండి. వీధి చివరిదాకా వెళ్లి రావడం సరిపోదు. విజయనగరంలోనైతే గంటస్తంభం దగ్గరి రద్దీలో ఏసీ వేసుకుని పది నిమిషాలు, ఆపై రామతీర్థం దారిలో మరికొంత. శ్రీకాకుళంలోనైతే ఏడురోడ్ల జంక్షన్ నుంచి బయలుదేరి జాతీయ రహదారి ఎక్కండి. నాలుగో గేరులో నలభై వేగంలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజను రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా చుట్టూ తిరిగితే ముందు చక్రాల నుంచి కటకటమని చప్పుడు రాకూడదు. మీటరు ముప్పై వేలు చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే పెడల్‌నే నమ్మండి.

టైరు పక్కన చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును మార్చే ఖర్చు కింద లెక్క వేయండి.

బేరానికి మీ మెకానిక్‌నే తీసుకెళ్లండి, ఆయన పూట కూలి ఇవ్వండి. బ్రోకరు తెచ్చిన మెకానిక్ ఎంత మంచివాడైనా ఆయన బ్రోకరు మనిషే. కనిపించిన లోపాలను కాగితం మీద రాసి, పక్కన ఖర్చు వేసి చూపిస్తే మాట పెరగకుండానే ధర దిగుతుంది.

5. ఇంటికి తెచ్చిన వారం

పాత యజమాని మొన్ననే మార్చానన్నా సరే ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, కూలెంట్, బ్రేకు ఆయిలు మార్చేయండి. ఆ రోజు తేదీ, మీటరు అంకె ఒక చీటీ మీద రాసి బోనెట్ లోపల అంటించండి. 800 సీసీ ఆల్టో, శాంట్రో వంటి కార్ల ఇంజన్లలో వాల్వులను సరైన వేళకు తెరిపించే టైమింగ్ బెల్టు ఉంటుంది. దానిని ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే మార్చవలసిందే. నా 998 సీసీ వ్యాగన్ఆర్‌లో చైను ఉంది కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు చాలావరకు అంత ఇథనాల్‌ను ఊహించి చేసినవి కావు. పెట్రోలు గొట్టాల్లో పగుళ్లున్నాయేమో, బోనెట్ ఎత్తితే వాసన వస్తోందేమో చూసి, అనుమానం ఉన్నవి మార్పించండి.

6. చిల్లర రోగాలు

ముందుగా కారును ఆపేవి, తిప్పేవి: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు. తరువాత కారేవి. ఆపై కరెంటు. అందం చివర. ఒకసారికి ఒక్కటే మార్పించండి. నాలుగు కలిపి మార్పిస్తే ఏది నయం చేసిందో తెలియదు, డబ్బు మాత్రం నాలుగింటికీ పోతుంది.

నా కారులో మొదట బయటపడింది ఎడమ సీటు ముందు కాళ్ల దగ్గర నీరు. ఏసీ లోపలి కాయిల్ మార్చాలని ఒక షెడ్డులో వేలల్లో లెక్క చెప్పారు. నీటిని వేలితో తాకి చూశాను. వాసన లేదు, జిగురు లేదు. తీపి వాసనతో జిగటగా ఉంటే అది కూలెంట్, అప్పుడు కంగారుపడాలి. ఇది ఏసీ నీరే. బయటికి పోవలసిన సన్నని గొట్టం మట్టితో పూడిపోయింది. వేరే షెడ్డులో కుర్రాడు కింది నుంచి గాలి కొడితే గుప్పెడు బురద, ఒక ఎండుటాకు వచ్చిపడ్డాయి. రెండు రోజులు తివాచీ ఎండబెట్టుకోవడమే మిగిలిన పని.

పొద్దున సెల్ఫ్ బద్ధకంగా తిరిగితే వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, గట్టిగా బిగించండి. తీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు చివర మైనస్. రాత్రంతా నిలిపిన కారు బ్యాటరీ నిండుగా ఉంటే వోల్టు మీటరులో 12.6 వోల్టుల దాకా చూపాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ ఉండాలి. నడుస్తున్నా 13 దాటకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి.

గుంతల్లో ముందు నుంచి టకటక వస్తే షాక్ అబ్జార్బర్లు మార్చమంటారు. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే చక్రాన్ని పట్టి ఉంచే చేతి చివరి రబ్బర్లు చూడమనండి, పనీ ఖర్చూ తక్కువ. కదలకుండా నిలిపి ఇంజను నడుస్తుండగా వణికితే ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం, స్పార్క్ ప్లగ్‌లు, ఇంజను మౌంటింగులు, ఈ వరుసలో వెళ్లండి. ఇంజను బొమ్మ దీపం వెలిగితే స్కానర్ పెట్టించి కోడ్ రాసుకోండి. కోడ్ చూడకుండా సెన్సరు మార్చే చోట నిలబడవద్దు.

అద్దాలు నెమ్మదిగా లేస్తుంటే రబ్బరు గాడిని తడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పూస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. పసుపెక్కిన హెడ్‌లైట్లకు టూత్‌పేస్టు నాలుగు రోజుల ముచ్చటే. 1000, 2000, 3000 నంబరు గరుకు కాగితాలను నీటితో తడిపి వరుసగా రుద్ది, పాలిష్ చేసి, పైన ఎండను ఆపే పూత వేయిస్తే నిలుస్తుంది.

పల్లెలో ఉండేవారికి ఎలుకల సంగతి చెప్పాలి. వరి కోతలయ్యాక గడ్డివాము పక్కన కారు నిలిపితే, పొలం వదిలిన ఎలుకలకు బోనెట్ కింద వెచ్చని ఇల్లు దొరికినట్టే. ఒక రాత్రిలో వైర్లు కొరికేస్తాయి. పొగాకు కాడలు పెట్టేవారున్నారు, వాసన ఉన్నన్నాళ్లు పనిచేస్తాయి. వాముకు దూరంగా నిలపడం, రెండు రోజులకోసారి బోనెట్ ఎత్తి చూడడం మేలు.

తుప్పు మచ్చలకు వానలు పడకముందే పని పట్టాలి. తీగ బ్రష్‌తో గట్టి రేకు మెరిసేదాకా గోకి, తుప్పును ఆపే ప్రైమర్ వేసి, ఆపై రంగు. గోకకుండా రంగు వేస్తే లోపల తినడం ఆగదు.

ఇవన్నీ అయ్యాక శృంగవరపుకోట మీదుగా అరకు ఘాటీ ఎక్కించండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా రెండో గేరులో దించండి. మరునాడు పొద్దున, ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంట్ సీసా చూడండి. మట్టం గీతల మధ్య కదలకుండా ఉంటే ఈసారి ఇంటివారిని ఎక్కించుకోవచ్చు. తగ్గిందంటే మళ్లీ చాప పరవాలి.