సముద్రం కుడిచేతి వైపున: ఆడ్రియాటిక్ తీరం వెంట బండి ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల వాళ్ళకు సముద్రం దగ్గరే గాని, సముద్రాన్ని చూస్తూ బండి నడిపే రోడ్డు మాత్రం దాదాపు లేదు. పదహారో నంబరు జాతీయ రహదారి సూళ్ళూరుపేట నుంచి కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా తీరం వెంబడే పోతున్నట్టు పటంలో కనిపిస్తుంది. కాని మధ్యలో వరి పొలాలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ అడ్డుగా ఉంటాయి. మైపాడుకు గాని కొత్తపట్నానికి గాని పోవాలంటే హైవే దిగి అడ్డంగా పోవలసిందే. రోజంతా అలలను చూస్తూ, దేశం తరువాత దేశం దాటుతూ పోయే రోడ్డు కావాలనుకునే వారికి నేను సూచించేది ఆడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరం. ఇటలీలోని త్రియెస్తే నగరం దగ్గర మొదలుపెట్టి స్లొవేనియా, క్రొయేషియా, మాంటెనిగ్రో దాటి అల్బేనియాలోని సరాందా చేరేసరికి సుమారు 1,300 కిలోమీటర్లు అవుతుంది. మధ్యలో బోస్నియాకు చెందిన చిన్న ముక్క కూడా ఈ తీరంలోనే తగులుతుంది.

అన్నింటికన్నా ముందు నిర్ణయించుకోవలసింది దిక్కు. ఈ దేశాలన్నింటిలోనూ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, సముద్రం పడమటి వైపున ఉంటుంది. కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళే వారికి సముద్రం తమ లేన్ పక్కనే ఉంటుంది. చూడాలనిపించిన చోట ఎదురుగా వచ్చే వాహనాలను దాటకుండానే బండిని పక్కకు తీసి ఆపవచ్చు. దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చే వారికి కొండ గోడ పక్కన ఉంటుంది, నీళ్ళు అవతలి లేన్‌కు ఆవల కనిపిస్తాయి. విమాన టికెట్ కొంత చవకగా దొరుకుతుందని ఈ క్రమాన్ని తలకిందులు చేయవద్దని గట్టిగా చెబుతాను.

తరువాతది వీసా. ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియా మూడూ షెంగెన్ ప్రాంతంలోని, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోని దేశాలే. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరి, అదే రోజు యూరోను కూడా తన కరెన్సీగా చేసుకుంది. మూడింటికీ ఒకే వీసా చాలు, దానిని ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో ఆ దేశం నుంచి తీసుకోవాలి. ఈ దారిలో అది చాలామందికి క్రొయేషియా అవుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అయితే అసలు జాగ్రత్త వేరే ఉంది. దరఖాస్తులో తప్పనిసరిగా ఒకటికి మించి ప్రవేశాలు కావాలని అడిగి, అందుకు కారణంగా మాంటెనిగ్రో, అల్బేనియా ప్రయాణ వివరాలను జతచేయాలి. ఒక్క ప్రవేశానికే వీసా వస్తే, క్రొయేషియా దాటి బయటికి వెళ్ళిన వారు తిరిగి లోపలికి రాలేరు. ఎక్కువ ప్రవేశాల షెంగెన్ వీసా చేతిలో ఉన్న భారతీయులకు మాంటెనిగ్రో, బోస్నియా దేశాలు ముప్పై రోజుల వరకు వేరే వీసా లేకుండా అనుమతి ఇస్తాయి. అల్బేనియా కూడా ఆ వీసానే ఒప్పుకుంటుంది గాని, దానిని అప్పటికే ఒకసారి షెంగెన్‌లో వాడి ఉండాలంటుంది. త్రియెస్తే నుంచి మొదలుపెట్టిన వారికి ఆ షరతు దారిలోనే తీరిపోతుంది. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి కనుక టికెట్లు కొనే ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయాల ప్రకటనలను చూసుకోవాలి.

మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా అవసరం. దీనికి రవాణా శాఖ సారథి పోర్టల్‌లో ఫారం 4ఎ నింపి దరఖాస్తు చేయాలి; మన లైసెన్సు ఏ కార్యాలయం పరిధిలో ఉందో అక్కడి నుంచి పర్మిట్ వస్తుంది, దాని గడువు ఏడాది. పర్మిట్ ఒక్కటే చెల్లదు, దాని పక్కన అసలు లైసెన్సు కార్డు ఉండి తీరాలి. ఫోనులో దాచుకున్న లైసెన్సును ఇక్కడ పోలీసులు ఒప్పుకున్నా, అక్కడ కారు అద్దెకిచ్చే కౌంటర్‌లో ఒప్పుకోరు. మోటారు సైకిల్ తీసుకోదలచిన వారు లైసెన్సులో గేర్ ఉన్న బండి తరగతి నమోదై ఉందో లేదో చూసుకోవాలి; పెద్ద ఇంజను బళ్ళకు వయస్సు, లైసెన్సు తీసుకుని ఎన్నేళ్ళయిందన్నది కూడా అడుగుతారు.

కారు అద్దెకు తీసుకునే ముందు సంస్థను మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. బండిని ఏయే దేశాల్లోకి తీసుకుపోవచ్చు, సరిహద్దు దాటడానికి అదనంగా ఎంత కట్టాలి, గ్రీన్ కార్డు అనే బీమా పత్రం కాగితం రూపంలో ఇస్తారా అన్నవి ఆ మూడు. అల్బేనియా పేరు చెప్పగానే వద్దనే సంస్థలు ఉన్నాయి. ఒప్పందంలో లేని దేశంలో ప్రమాదం జరిగితే బీమా వర్తించదు. బండిని ఒక దేశంలో తీసుకుని మరో దేశంలో వదిలిపెడితే రుసుము చాలా ఎక్కువ పడుతుంది కాబట్టి, తీసుకున్న చోటికే తిరిగి తెచ్చి ఇచ్చేలా ప్రణాళిక వేసుకోవడం మేలు. డిపాజిట్‌కు నడిపే మనిషి పేరు మీదనే క్రెడిట్ కార్డు ఉండాలని చాలా చోట్ల అడుగుతారు. భార్య కార్డు, తమ్ముడి కార్డు పనికిరావు.

కుడివైపు నడపడం అనుకున్నంత కష్టం కాదు గాని, అలవాటు పాత దారికి లాగే క్షణాలు కొన్ని ఉంటాయి. ఉదయం హోటల్ నుంచి ఖాళీ రోడ్డు మీదికి వచ్చినప్పుడు, బంకు నుంచి బయటపడినప్పుడు, ఎడమకు తిరిగినప్పుడు చెయ్యి తనంతట తానే ఎడమ లేన్‌లోకి తిప్పేస్తుంది. ఈ మూడు చోట్లా ఒక్క క్షణం ఆగి, నడిపే మనిషి రోడ్డు మధ్య గీత పక్కన ఉన్నాడో లేదో చూసుకోవాలి. కారులో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కనుక, ఎడమ భుజం పక్కన మధ్య గీత ఉంటే సరైన లేన్‌లో ఉన్నట్టే. రౌండ్ సర్కిల్‌లో మనకు విరుద్ధంగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతారు. ఎడమ నుంచి వచ్చే వారికి దారి ఇవ్వాలి. మలుపుల సాధనకు దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు మంచిది. అక్కడ తక్కువ గేర్‌లో, బ్రేకు మీద కాలు అదిమిపెట్టకుండా దిగడం వచ్చిన వారికి ఆడ్రియాటిక్ కొండదారులు భయం కలిగించవు.

పెట్రోలు మనమే పోసుకుని లోపలికి వెళ్ళి డబ్బు కట్టాలి. పంపు మీద గుండ్రని గుర్తు ఉంటే పెట్రోలు, చతురస్రం ఉంటే డీజిల్.

కాలం విషయంలో నా సలహా మే చివర, జూన్ మొదటి సగం, లేదా సెప్టెంబరు. జూలై, ఆగస్టు నెలల్లో యూరప్ అంతా సెలవులకు ఈ తీరానికే వస్తుంది. క్రొయేషియా, మాంటెనిగ్రోల మధ్య సరిహద్దు దగ్గర గంటల తరబడి నిలబడవలసి వస్తుంది. చలికాలంలో బురా అనే గాలి ఉంటుంది. అది సముద్రం మీది నుంచి కాక, క్రొయేషియా తీరం వెంట ఉన్న వెలెబిత్ కొండల మీది నుంచి నీళ్ళ వైపుకు దూకుతుంది. చల్లని బరువైన గాలి కొండల వెనుక పోగుపడి, కనుమలు దొరికిన చోట ఒక్కసారిగా కిందికి దొర్లడమే దానికి కారణం. సెన్య పట్టణం దగ్గర, మస్లెనిత్సా వంతెన మీద గంటకు 150 కిలోమీటర్లు దాటిన ఊపులు కూడా వస్తాయి. దక్షిణానికి వెళ్ళే వారికి ఇది ఎడమ పక్క నుంచి కొట్టి సముద్రం వైపుకు నెడుతుంది, అంటే మనం ఎంచుకున్న దిక్కులో ఉన్న ఒకే ఒక్క ప్రమాదం ఇది. వెలెబిత్ శిఖరాల అంచున తెల్లని మేఘం టోపీ పెట్టినట్టు నిలిచిందంటే బురా వస్తున్నదని అక్కడి వారు చెబుతారు. గాలి పెరిగితే ముందు మోటారు సైకిళ్ళను, ఎత్తైన వ్యాన్లను ఆపి, తరువాత రోడ్డునే మూసేస్తారు. క్రొయేషియా ఆటో క్లబ్ అయిన హాక్ సంస్థ ఆ వివరాలను ఇంగ్లీషులో కూడా ప్రకటిస్తుంది. బండి మీద వెళ్ళే వారు ఉదయం బయలుదేరే ముందు దానిని చూడడం అలవాటు చేసుకోవాలి. గాలి తగిలితే పంతానికి పోకుండా ఊళ్ళోనే ఆగిపోవాలి.

ఈ ప్రయాణానికి వెన్నెముక రియెకా నుంచి దుబ్రోవ్‌నిక్ దాకా పోయే ఆడ్రియాటిక్ రహదారి, అక్కడి నంబరు డి8. దీనికి టోల్ లేదు. లోపలి వైపు ఎ1 అనే మోటారు మార్గం ఉంది, నావిగేషన్ ఎప్పుడూ దాని వైపే లాగుతుంది. అందుకని టోల్ రోడ్లు వద్దని ముందే ఎంపిక చేసుకోవాలి. నెల్లూరు నుంచి ఒంగోలుకు రెండు గంటలలోపే వెళ్ళే అలవాటు ఉన్న వారు ఇక్కడ ఆ లెక్క వేయకూడదు. ఊళ్ళలో వేగ పరిమితి 50, బయట 90. మలుపుల వల్ల సగటు గంటకు యాభై కిలోమీటర్లు కూడా దాటదు. రోజుకు 200 కిలోమీటర్లకు మించి పెట్టుకుంటే రోడ్డును చూడడమే గాని ఊళ్ళను చూడడం ఉండదు. సెన్య నుంచి కార్లొబాగ్ దాటేదాకా ఒక వైపు బూడిద రంగు రాతి కొండ, మరో వైపు చెట్టన్నది లేని దీవులు; ఆ దీవులను బోడిగా చేసిన వాటిలో బురా మోసుకొచ్చే ఉప్పు ఒకటి. అక్కడ పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి గనుక సెన్యలోనే ట్యాంకు నింపుకోవాలి. జాదర్‌లో 2005లో కట్టిన సముద్ర వాద్యం ఉంది. రేవు మెట్ల కింద అమర్చిన గొట్టాలలోకి అల తోసిన గాలి స్వరాలై పలుకుతుంది. స్ప్లిట్‌లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కట్టించిన రాజభవనం గోడల మధ్య నేటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. ఈ రెండింటికీ ఒక్కొక్క రాత్రి కేటాయించాలి. ఓమిష్ నుంచి మకార్‌స్కా దాకా ఉన్న భాగం మొత్తం దారిలోనే అందమైనదని నా అభిప్రాయం, దానిని ఉదయపు వెలుగులో నడపాలి. సాయంత్రం సముద్రం వైపు చూస్తే పడమటి ఎండ కళ్ళలో పడుతుంది.

ప్లోచె దాటాక నేరెత్వా నది డెల్టా వస్తుంది, అక్కడి నుంచి నిర్ణయం తీసుకోవాలి. పాత దారి నెయుమ్ అనే ఊరి మీదుగా బోస్నియాలోకి వెళ్ళి, సుమారు 20 కిలోమీటర్ల తీరం తరువాత మళ్ళీ క్రొయేషియాలోకి వస్తుంది. పూర్వం రాగూసా అనే పేరుతో ఉన్న దుబ్రోవ్‌నిక్ గణతంత్రం, తనకూ వెనిస్‌కూ మధ్య అడ్డుగా ఉండాలని 1699లో ఆ ముక్కను ఒట్టోమన్ తుర్కులకు వదులుకుంది. ఆ గీత ఇప్పటికీ దేశాల మధ్య సరిహద్దుగా నిలిచింది. 2022 జూలై 26న పెల్యెషాత్స్ వంతెన తెరిచిన తరువాత ఆ ముక్కను తాకకుండానే దుబ్రోవ్‌నిక్ చేరవచ్చు, వంతెనకు టోల్ లేదు. ఒక్క ప్రవేశపు వీసా ఉన్నవారు నెయుమ్ వైపు అసలు పోకూడదు. మిగతా వారికి కూడా నా సలహా వంతెనే. ఎందుకంటే ఆ దారిలో స్తోన్ వస్తుంది. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లను ఎరిగిన కంటికి స్తోన్ ఉప్పు మళ్ళు వెంటనే పరిచయమవుతాయి. వాటిని కాపాడడానికి 14వ శతాబ్దంలో కొండ మీదికి కట్టడం మొదలుపెట్టిన గోడ కిలోమీటర్ల పొడవున ఇప్పటికీ ఉంది.

ఈ డెల్టా ప్రాంతంలోనే భోజనం గురించి చెప్పాలి. బ్రుడెట్ అని అక్కడ చేపల వంటకం చేస్తారు. రెండు మూడు రకాల చేపలు, ఉల్లిపాయలు, టమోటా, పులుపుకు వెనిగర్ గాని వైన్ గాని వేసి సన్నని సెగ మీద ఉడికిస్తారు. ముక్క విరగకుండా ఉండాలని గరిటె పెట్టి కలపరు, గిన్నెను రెండు చేతులతో పట్టి తిప్పుతారు. నెల్లూరు చేపల పులుసును మన ఇళ్ళలో దాకను పట్టి తిప్పినట్టే. కారం ఉండదు. ఊరగాయ ప్యాకెట్ వెంట ఉంటే ఆ లోటు తీరుతుంది. నూనెతో పెట్టిన ఆవకాయ, కందిపొడి తీసుకుపోవచ్చు. కాని బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది కనుక నెయ్యి, మలై కాజా ఇంట్లోనే ఉంచాలి. శాకాహారులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లను అద్దెకు తీసుకుంటే సుఖపడతారు, ఈ తీరమంతా అవి విరివిగా దొరుకుతాయి.

మాంటెనిగ్రోలోకి ఉదయం ఎనిమిది లోపల ప్రవేశించాలి. అక్కడా యూరోయే చెల్లుతుంది. కోటోర్ అఖాతం దగ్గర సమయం కలిసివస్తుందని కామెనారి నుంచి లెపెతానెకు ఫెర్రీ ఎక్కమంటారు. తిరుగు ప్రయాణంలో ఎక్కండి, పోయేటప్పుడు మాత్రం అఖాతం చుట్టూ తిరగండి. రోడ్డు నీటికి చేయి చాస్తే అందేంత దగ్గరగా పోతుంది. పెరాస్త్ దగ్గర ఇరుకవుతుంది కాబట్టి అద్దాలు మడవవలసి రావచ్చు.

అల్బేనియాలో లెక్ అనే కరెన్సీ కావాలి. వ్లోరా దాటాక 2024లో తెరిచిన లొగారా సొరంగం ఉంది. దానిలోకి పోకుండా పాత కనుమ దారినే ఎక్కాలి. పైన్ చెట్ల మధ్య సముద్రం ఊసే లేకుండా వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరాక, మలుపు తిరగగానే ఆడ్రియాటిక్‌కు దక్షిణాన ఉన్న అయోనియన్ సముద్రం కాళ్ళ కింద పరుచుకుంటుంది. దిగువ మలుపులు బిగువుగా ఉంటాయి. రెండో గేర్ దాటవద్దు, మేకల మందలు రోడ్డు మీదికి వస్తాయి, చీకటి పడేలోపల హిమారాలో ఆగాలి. సరాందా పక్కనే ఉన్న బుత్రింట్ శిథిలాలకు ఒక పూట కావాలి.

తిరుగు ప్రయాణానికి తీరం దారి అక్కరలేదు. క్రొయేషియాలో దుబ్రోవ్‌నిక్ దాటాక ఎ1 మోటారు మార్గం అందుకుని, ప్రవేశంలో టికెట్ తీసుకుని బయటికి వచ్చేటప్పుడు టోల్ కట్టాలి. స్లొవేనియాలో మోటారు మార్గాలు వాడితే బండి నంబరు మీద ఎలక్ట్రానిక్ విన్యెట్, అంటే రోడ్డు రుసుము కట్టినట్టు చూపే అనుమతి, ముందే కొనాలి. అద్దె కారుకు అది ఉందో లేదో మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. ఏ దేశంలోనైనా ఆపదలో 112కు ఫోన్ చేయవచ్చు.