ఇన్‌స్టాలేషన్ డిస్క్ నుంచి కంప్యూటర్ బూట్ కాకపోతే ఏం చేయాలి?

డిస్క్ పెట్టి ఆన్ చేసినా కంప్యూటర్ పాత విండోస్‌లోకే వెళ్ళిపోతుంటే చాలామంది నేరుగా బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు నడిచే, కంప్యూటర్ మూల సెట్టింగులుండే ప్రోగ్రాం) దూరి సెట్టింగులు కెలికేస్తారు. అంతకన్నా ముందు అదే డిస్క్‌తో ఇంకో కంప్యూటర్‌ను బూట్ చేసి చూడండి. అక్కడా కాలేదంటే డిస్క్‌నే అనుమానించాలి.

డిస్క్: తెరిస్తే ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా చేసిన ప్రతి) కనిపిస్తోందా? అయితే అది ఉత్త కాపీ, ఎప్పటికీ బూట్ కాదు. విండోస్ డిస్క్‌లో బూట్, సోర్సెస్ ఫోల్డర్లు, సెటప్ ఫైల్ విడివిడిగా ఉండాలి. ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేసి 'బర్న్ డిస్క్ ఇమేజ్' ఎంచుకోండి, వెరిఫై దగ్గర టిక్ పెట్టండి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. విండోస్ 11 ఐఎస్ఓ 5 జీబీ దాటుతుంది కాబట్టి దానికి 8 జీబీ పెన్‌డ్రైవే నయం.

డ్రైవ్: డిస్క్ మంచిదే అయితే విండోస్‌లో అది తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకోకపోతే డ్రైవ్ లెన్స్ మీద దుమ్మో, డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ వదులో అయి ఉండొచ్చు. యూఎస్‌బీ డ్రైవ్‌ను హబ్‌కు కాకుండా కంప్యూటర్‌కే గుచ్చండి.

బూట్ మెనూ: బూట్ వరుసను, అంటే ఏ డ్రైవ్ నుంచి ముందు మొదలవ్వాలన్న క్రమాన్ని, శాశ్వతంగా మార్చనక్కర్లేదు. రీస్టార్ట్ ఇచ్చి, స్క్రీన్ వెలగగానే బూట్ మెనూ కీని టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా, త్వరగా ఆన్ అయ్యేలా చేసే విండోస్ ఏర్పాటు) వల్ల ఒక్కోసారి ఆ అవకాశమే దొరకదు, అందుకే రీస్టార్ట్. మెనూలో డీవీడీని ఎంచుకున్నాక 'ఏదైనా కీ నొక్కండి' అన్న ఇంగ్లిష్ వాక్యం కొన్ని సెకన్లే ఉంటుంది. అది తప్పిపోతే కంప్యూటర్ మళ్ళీ హార్డ్‌డిస్క్ దారి పడుతుంది. డిస్క్ పాడైందని పారేసేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే.

మెనూలో ఒకే డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) అని ఉంటుంది. హార్డ్‌డిస్క్ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలో ఉంటే ఆ యూఈఎఫ్ఐ ఉన్నదాన్నే ఎంచుకోండి. రెండోది ఎంచుకున్నా సెటప్ మొదలవుతుంది కానీ, పార్టిషన్ దగ్గరికొచ్చాక ఇన్‌స్టాల్ చేయనని మొండికేస్తుంది. విండోస్ 7 లాంటి పాత డిస్క్‌లకు బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనిదాన్ని బూట్ కానివ్వని రక్షణ) ఆపాలి, సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతిలో బూట్ కానిచ్చే ఏర్పాటు) ఆన్ చేయాలి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ రక్షణ) ఉన్న కంప్యూటర్‌లో వీటిని ముట్టుకునే ముందు 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి, తర్వాత అడగవచ్చు.

సెటప్ మధ్యలో కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయినప్పుడు మళ్ళీ ఆ 'ఏదైనా కీ నొక్కండి' వాక్యమే వస్తుంది. ఈసారి ఏ కీ నొక్కకండి. నొక్కితే ఇన్‌స్టాలేషన్ మొదటికొస్తుంది.