మతిమరుపును గమనించడం ఎలా? 3వ పాఠం: ఆనవాలు ఇచ్చి చూడటం

మతిమరుపు తెచ్చే ఆల్జైమర్స్ జబ్బు అనగానే మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలే గుర్తొస్తాయి. 1906లో జర్మనీలో ఆలోయిస్ ఆల్జైమర్ మైక్రోస్కోపులో చూసి వివరించినవాటిలో అవీ ఉన్నాయి. కానీ మెదడులో ముద్దలు బాగా ఉన్నా చివరిదాకా చురుగ్గా బతికినవాళ్లున్నారు. 1991లో రాబర్ట్ టెర్రీ బృందం చనిపోయిన రోగుల మెదళ్లను పరిశీలించింది. బతికున్నప్పుడు వాళ్ల మానసిక శక్తి ఎంత తగ్గిందన్నదానికి అన్నిటికన్నా బాగా సరిపోలింది సినాప్సుల నష్టమే.

ఒక న్యూరాన్ (నాడీకణం) ఇంకో న్యూరాన్‌కు కబురు అందించే చోటే సినాప్స్. కొత్త జ్ఞాపకం నిలవాలంటే ఈ చోట్లు బలపడాలి. ముద్ద కట్టకముందు కరిగి తిరిగే చిన్న అమిలాయిడ్ గుంపులే వాటిని ముఖ్యంగా దెబ్బతీస్తాయని పరిశోధకుల అంచనా. టావ్ అనే ప్రొటీన్ కూడా తోడవుతుంది. ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. మెదడు ఎదిగే వయసులో అక్కర్లేని సినాప్సులను తీసేసే మైక్రోగ్లియా కణాలు, ఈ జబ్బులో ఉండాల్సిన సినాప్సులనూ తినేస్తాయని 2016లో బెత్ స్టీవెన్స్ బృందం ఎలుకల్లో చూపించింది. అంటే, న్యూరాన్లు చనిపోకముందే నష్టం మొదలవుతోంది.

ఈ నష్టం కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోకాంపస్‌లోనూ దాని పక్కనా ముందుగా కనిపిస్తుంది. అందుకే తన పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే అమ్మమ్మ, పొద్దున ఇంటికి ఎవరొచ్చారో చెప్పలేదు.

ఇప్పుడు సాధన. మాటల మధ్యలో "పొద్దున ఎవరొచ్చారు అమ్మమ్మా?" అని అడగండి. చెప్పలేకపోతే "కరివేపాకు తెచ్చిచ్చింది కదా" అని ఆనవాలు ఇవ్వండి. "ఆఁ, పక్కింటి పద్మ" అంటే జ్ఞాపకం లోపల ఉంది, బయటికి రావడమే ఆలస్యమైంది. ఆనవాలు ఇచ్చినా "ఎవరూ రాలేదే" అంటే, అసలు నిలవలేదేమోనని గుర్తు పెట్టుకోండి. డాక్టర్లు చేసే జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఈ పద్ధతి నిజంగానే ఉంది.

పరీక్ష పెడుతున్నట్టు మాత్రం అడగొద్దు. పెద్దవాళ్లకు టెన్షన్ వస్తుంది, టెన్షన్‌లో తెలిసిందీ నోటికి రాదు. పద్మ వచ్చినప్పుడు అమ్మమ్మ చూసిందా, ఆమె మాట వినబడిందా అన్నది కూడా చూసుకోండి. తేదీ, అడిగింది, ఇచ్చిన ఆనవాలు, వచ్చిన జవాబు నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కరోజు జవాబుతో ఏమీ తేల్చకండి. ఇదే పదేపదే జరుగుతుంటే ఆ నోట్‌బుక్‌తో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ వల్లా మరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది.

వచ్చే పాఠంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా (ఆల్జైమర్స్ లాంటి జబ్బుల వల్ల మతి మందగించడం) సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని చెప్పిన హైదరాబాద్ నిమ్స్ అధ్యయనం చూద్దాం.