పేటెంట్ వచ్చింది, సరుకు కదలట్లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

సమస్య: సర్టిఫికెట్ చేతికొచ్చింది, ఒక్క ఆర్డరూ రాలేదు.

కారణం: పేటెంట్ అనేది ఇతరులు కాపీ కొట్టకుండా ఆపే హక్కు. కొనేవాళ్లను వెతికి తెచ్చే బాధ్యత దానిది కాదు. చాలామంది కరపత్రం మీద ముందు పేటెంట్ నంబరే వేస్తారు. కొనేవాడికి దాంతో పనిలేదు.

పరిష్కారం: ఎవరి శ్రమ తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో ముందు చెప్పండి. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన ఆసు యంత్రాన్నే తీసుకోండి. ఆసు పోయడమంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయడం. ఒక పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. సాధారణంగా ఆ పని ఇంటి ఆడవాళ్లదే. నాలుగైదు గంటలు పట్టే ఆ పనిని యంత్రం గంటన్నరకు తెచ్చింది. నేత కుటుంబానికి ఇంతకన్నా వేరే ప్రచారం అక్కర్లేదు. మీ వస్తువుకూ ఇలాంటి లెక్క ఒకటి కావాలి, అదీ వాడినవాళ్ల దగ్గర కొలిచి తెచ్చింది.

సమస్య: అందరూ "బాగుంది" అంటారు, ఎవరూ కొనరు.

కారణం చాలాసార్లు ధరే. తయారీ ఖర్చుకు లాభం కలిపి ధర పెట్టేస్తాం. డీలర్ కమీషన్, జీఎస్టీ, రవాణా, రిపేరుకు మనిషిని పంపే ఖర్చు తర్వాత గుర్తొస్తాయి. అందుకే కొనేవాడు ఎంత ఇవ్వగలడో ముందు తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. గిట్టకపోతే డిజైన్ మార్చాల్సిందే.

సమస్య: సొంతంగా తయారుచేసే స్తోమత లేదు, కంపెనీలేమో జవాబివ్వవు.

పేటెంట్ పత్రాలు కట్టగట్టి పంపితే ఎవరూ చదవరు. ఒక్క పేజీ, పనిచేస్తున్న వీడియో, తయారీ ఖర్చు అంచనా పంపండి. లైసెన్స్ (తయారుచేసి అమ్ముకునే అనుమతి) ఒక్కరికే ఇస్తుంటే ఏటా కనీస రాయల్టీ (అందుకు మీకిచ్చే సొమ్ము) రాయించుకోండి. తయారు చేయకుండా అటకెక్కిస్తే హక్కు మీకు తిరిగొచ్చే షరతు పెట్టండి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించాలి. అమ్మిపెడతామంటూ ముందే ఫీజు అడిగే మధ్యవర్తుల జోలికి దయచేసి వెళ్లకండి.

సమస్య: విదేశీ ఆర్డర్ వచ్చింది, అక్కడ రక్షణ లేదు.

భారత పేటెంట్ భారత్‌లోనే చెల్లుతుంది. మొదటి దరఖాస్తు తేదీని ఆధారం చేసుకుని బయటి దేశాల్లో పేటెంట్ అడగాలంటే ఆ తేదీ నుంచి 12 నెలల్లోపే అడగాలి. ఆ గడువు దాటితే అక్కడ నాణ్యత, సర్వీసులతోనే నెగ్గాలి.

సమస్య: అమ్మకాల టెన్షన్‌లో రెన్యువల్ ఫీజు మర్చిపోయారు.

పేటెంట్ గడువు 20 ఏళ్లే, అదీ దరఖాస్తు తేదీ నుంచి, అదీ రెన్యువల్ ఫీజు కడుతూ ఉంటేనే. ఫీజు కట్టక పేటెంట్ రద్దయితే, ఆ తేదీ నుంచి 18 నెలల్లోపు పునరుద్ధరణకు దరఖాస్తు చేయొచ్చు. కావాలని మానలేదని, అనవసరంగా ఆలస్యం చేయలేదని చూపించాలి.