వృద్ధి రేటు చదవడం నేర్చుకుందాం – 4: గట్టు నుంచి గట్టుకు

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ఈ విడతలో చెప్పాలనుకున్న డాలరు మారకపు రేట్ల సంగతి వాయిదా వేశాను. ముందు ఈ ముడి విప్పుకోవాలి.

ప్రశ్న ఇది. 1950 నుంచి 1980 దాకా భారత ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున 3.5 శాతం పెరిగిందనుకుంటే, ముప్ఫై ఏళ్లలో ఎన్ని రెట్లయింది? ఎక్కువ మంది 3.5ను 30తో గుణించి 105 శాతం అన్నారు. ఇది బారువడ్డీ లెక్క. ఉత్పత్తి పెరిగేది చక్రవడ్డీ పద్ధతిలో. ఈ ఏడాది వృద్ధిని పోయిన ఏడాది మొత్తం మీద కొలుస్తారు, 1950 నాటి మొత్తం మీద కాదు. 1.035ను ముప్ఫై సార్లు గుణిస్తే 2.81 వస్తుంది. అంటే పెరుగుదల 181 శాతం. బారువడ్డీ వేసినవారి లెక్కలో 1950 నాటి దేశం మొత్తం ఉత్పత్తిలో ముప్పాతిక వంతు మాయమైపోయింది.

70 సూత్రం అందుకే నేర్చుకున్నాం: 70ని వృద్ధి రేటుతో భాగిస్తే, రెట్టింపు కావడానికి సుమారు ఎన్నేళ్లు పడుతుందో తెలుస్తుంది. 70ని 3.5తో భాగిస్తే 20. ఇరవై ఏళ్లకే రెట్టింపైనది ముప్ఫై ఏళ్లకూ రెట్టింపు దగ్గరే ఎలా ఉంటుంది? జవాబు రాశాక ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడే దొరికేది.

2.81 దాకా సరిగ్గా వచ్చి, ‘ప్రజల ఆదాయం దాదాపు మూడు రెట్లయింది’ అని ముగించినవారూ ఉన్నారు. జనాభాను మరిచిపోయారు. 1951 జనగణనలో మనం 36 కోట్లు, 1981లో 68 కోట్లు, అంటే 1.89 రెట్లు. 2.81ని 1.89తో భాగించండి: 1.49. ముప్ఫై ఏళ్లలో మనిషికి దక్కింది దాదాపు 50 శాతం పెరుగుదల, ఏటా 1.3 శాతం. ఆ వేగంతో తలసరి ఆదాయం రెట్టింపు కావాలంటే యాభై ఏళ్లు దాటుతుంది. ఆర్థికవేత్త రాజ్ కృష్ణ ‘హిందూ వృద్ధి రేటు’ అని పేరు పెట్టిన కాలం ఇదే. మొత్తం జీడీపీ ప్రభుత్వాల శక్తిని అంచనా వేయడానికి పనికొస్తుంది. మనుషులు ఎలా బతికారో తెలుసుకోవాలంటే నేను తలసరి అంకె తప్ప మరొకటి చూడను, మీరూ చూడకండి. ధరల పెరుగుదల తీసేసిన అంకెలే వాడాలని మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇక ఈనాటి పనిముట్టు: నూరు గీత.

ఏ దేశం కథైనా సరే, శాతాల వరుస కనబడగానే నేను చేసే పని ఒక్కటే. మొదటి ఏడాదికి 100 అని రాసి, ఏడాదికేడాది గుణించుకుంటూ పోతాను. సగటులు తరువాత చూడవచ్చు. ఇండోనేషియాను తీసుకుందాం.

1997 జులై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీ బాత్‌కు డాలరుతో ఉన్న ముడి వదిలేసింది. భయం పొరుగు దేశాలకు పాకింది. ఇండోనేషియా కంపెనీలు డాలర్లలో అప్పులు చేసి రుపియాల్లో సంపాదిస్తున్నాయి. సంక్షోభానికి ముందు డాలరుకు 2,400 దగ్గర ఉన్న రుపియా 1998 జనవరికల్లా 10,000 దాటింది. వ్యాపారం మారకపోయినా అప్పు నాలుగింతలైంది. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కార్యక్రమంలో భాగంగా 1997 నవంబరులో 16 బ్యాంకులు మూసేస్తే, మిగతా బ్యాంకుల ముందు డిపాజిటర్లు బారులు తీరారు. మూడు దశాబ్దాలకు పైగా ఏలిన సుహార్తో 1998 మేలో గద్దె దిగాడు. ఆ ఏడాది ఉత్పత్తి 13.1 శాతం పడిపోయింది.

ఆ తరువాతి ఏళ్ల వృద్ధి: 1999లో 0.8, 2000లో 4.9, 2001లో 3.6, 2002లో 4.5, 2003లో 4.8 శాతం. 1997ను 100 అనుకుని గీత గీయండి. 86.9, 87.6, 91.9, 95.2, 99.5, 104.3.

2000 నాటి 4.9 శాతాన్ని విడిగా చదివితే దేశం పుంజుకుని పరుగెడుతోందనిపిస్తుంది. గీత మీద చూస్తే అది ఇంకా 92 దగ్గరే ఉంది. 13.1 శాతం పడినది లేచి నిలబడాలంటే 15.1 శాతం పెరగాలి, ఎందుకంటే పెరగాల్సింది తగ్గిపోయిన మొత్తం మీద. 1998 నుంచి 2002 దాకా ఐదు అంకెలనూ కూడి ఐదుతో భాగించండి: సగటు 0.14 శాతం, కొద్దిగా పెరిగినట్టే. గుణించి చూస్తే 99.5, తగ్గినట్టు. కూడిక అబద్ధం చెప్పింది, గుణకారం నిజం చెప్పింది. 1997 స్థాయిని దాటడానికి ఆ దేశానికి 2003 దాకా పట్టింది.

అదే సంక్షోభంలో దక్షిణ కొరియా 1998లో సుమారు 5 శాతం పడి, 1999లో సుమారు 11 శాతం లేచింది. గీత మీద 95, తరువాత 105.5. రెండేళ్లకు కలిపి ఏటా 2.7 శాతం మాత్రమే అయినా, పోయినదంతా ఒక్క ఏడాదిలో తిరిగొచ్చింది. రెండు దేశాలూ ఐఎంఎఫ్ దగ్గరకు వెళ్లాయి. విధానాలను పోల్చే ముందు ఈ రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసుకోండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండించే విషయం. టీవీ చర్చల్లో, ఎన్నికల ప్రసంగాల్లో, మంచి పేరున్న వ్యాసాల్లో కూడా ఇదే కనబడుతుంది: గుంతలో నిలబడి ఎత్తు కొలవడం. కొలత ఎక్కడ మొదలుపెట్టామన్నదే జవాబును సగం తేల్చేస్తుంది.

మన దేశాన్నే చూడండి. 1979–80లో కరవు, చమురు ధరల దెబ్బ కలిసి మన ఉత్పత్తి 5.2 శాతం పడిపోయింది. ఆ గుంతను ఆధారంగా తీసుకుని 1980–81 నుంచి పదేళ్లు లెక్కిస్తే ఏటా ఐదున్నర శాతం పైచిలుకు వృద్ధి కనబడుతుంది. ఒక్క ఏడాది వెనక్కి జరిగి 1978–79 నుంచి కొలిస్తే అది నాలుగున్నర దగ్గరకు దిగుతుంది. దేశం అదే, విధానాలు అవే. ఒక్క ఏడాదికి ఒక శాతం తేడా. ఇరవై ఏళ్ల విధానాల గురించి జరిగే వాదనలు ఇంతకంటే చిన్న తేడాల మీద నడుస్తుంటాయి.

రెండో గుంత 1991–92. విదేశీ మారక నిల్వలు అడుగంటి, బంగారం కుదువపెట్టి, జులైలో రూపాయి విలువ తగ్గించి, పారిశ్రామిక లైసెన్సుల విధానాన్ని చాలావరకు ఎత్తేసిన ఏడాది. పి.వి. నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. ఆ ఏడాది వృద్ధి సుమారు 1.4 శాతం. 1992–93 నుంచి ఐదేళ్లు లెక్కిస్తే సగటు ఆరున్నర దరిదాపుల్లో ఉంటుంది. ‘సంస్కరణలతో దూసుకుపోయాం’ అనేవారు ఇక్కడ మొదలుపెడతారు. 1991–92ను కూడా కలిపితే సగటు ఆరు లోపుకు వస్తుంది, ఎనభైలకూ దానికీ పెద్ద తేడా ఉండదు. ‘సంస్కరణలతో ఒరిగిందేమీ లేదు’ అనేవారికి ఆ అంకె ఇష్టం. రెండు పక్షాలూ తమకు నచ్చిన గట్టునో (పతనానికి ముందున్న ఎత్తైన స్థాయి) గుంతనో ముందే ఎంచుకుని కూర్చున్నాయి.

నా అభిప్రాయం దాచను. వేగం మారింది ఎనభైల్లోనే. అయితే అది అప్పుల మీద నడిచిన వేగం, 1991లో అప్పులవాళ్లు తలుపు తట్టారు. సంస్కరణల గొప్పతనం ఏటా అదనంగా ఎంత శాతం కలిపాయన్నదాంట్లో లేదు. ఆ దెబ్బ తిన్నాక కూడా గీత వంగకుండా నిలబడింది.

అలా నిలబడని ప్రాంతం లాటిన్ అమెరికా. డెబ్బైల్లో మారే వడ్డీకి డాలర్ అప్పులు తెచ్చుకున్నారు. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి పాల్ వోల్కర్ నడిపిన అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ విధానంతో 1981లో వడ్డీ రేట్లు 20 శాతం దాకా వెళ్లాయి. 1982 ఆగస్టులో మెక్సికో అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. 1990లో ఆ ప్రాంతపు తలసరి ఉత్పత్తి 1980 కంటే తక్కువ. తొంభైల్లో ప్రైవేటీకరణ, సుంకాల కోత జరిగి ఏటా సుమారు 3 శాతం వృద్ధి వచ్చింది. 1990 నుంచి కొలిస్తే ఆ విధానాలు ఫలించినట్టే. 1980 గట్టు నుంచి 2000 దాకా తలసరి చూస్తే, ఏటా ఒక శాతానికి చాలా కింద.

అందుకని నియమం: గట్టు నుంచి గట్టుకు కొలవండి. పతనానికి ముందున్న అత్యధిక స్థాయి నుంచి, తరువాతి పతనానికి ముందున్న అత్యధిక స్థాయి దాకా. ఎవరైనా వృద్ధి రేటు చెబితే, మొదటి ప్రశ్నగా ఏ ఏడాది నుంచి అని అడగండి. మొదలును ఒక ఏడాది వెనక్కీ ఒక ఏడాది ముందుకూ జరిపి మళ్లీ లెక్కించండి. జవాబు తలకిందులైతే ఆ వాదనకు బలం లేదు.

అభ్యాసం. ఈసారి కాస్త శ్రమ ఉంది, వారం తీసుకోండి.

రష్యా ఉత్పత్తి 1990 నుంచి 1998 మధ్య సుమారు 40 శాతం పడిపోయింది. తిరిగి 100కు చేరాలంటే ఎంత శాతం పెరగాలి? 1999 నుంచి ఏటా 7 శాతం పెరిగిందనుకుంటే ఎన్నేళ్లు పడుతుంది? ఐదో ఏడాది చివర గీత ఎక్కడుంటుంది?

ఇండోనేషియా జనాభా ఏటా 1.4 శాతం పెరిగిందనుకుని పై గీతను తలసరిగా మార్చండి. 2004లో వృద్ధి 5.0, 2005లో 5.7 శాతం. తలసరి ఉత్పత్తి 1997 స్థాయిని ఏ ఏడాది దాటింది?

మూడోది. ఆర్థిక సర్వే గణాంకాల అనుబంధంలో భారత వార్షిక వృద్ధి రేట్లు ఉంటాయి. 1970–71 నుంచి 1999–2000 దాకా నూరు గీత చేత్తో గీయండి. గట్టు సంవత్సరాలను మీరే ఎంచుకుని, ప్రతిదాన్నీ ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. కారణం రాయని జవాబును నేను దిద్దను.